తొమ్మిదో పేరా

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట నేను చెప్పక్కర్లేదు, మా ఆఫీసు మెట్లు ఒక్కసారి ఎక్కిన వాళ్ళెవర్ని అడిగినా చెబుతారు. కోర్టు వెనక సందులో, జిరాక్సు షాపు పైనున్న ఒంటిగది మా ఆఫీసు. కిటికీ పక్క బల్ల ప్లీడరు గారిది, గుమ్మం పక్క బల్ల నాది. మధ్యలో ఫైళ్ళ బీరువా, దాని ముందు వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక చెక్క బెంచీ. ఇరవై రెండేళ్ళుగా ఆ గుమ్మం పక్కనే కూర్చుని విడాకుల పిటిషన్లూ, పిల్లల కోసం వేసే పిటిషన్లూ టైపు చేస్తున్నాను. అందరూ నన్ను టైపమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నా అని నేనే వెనక్కి తిరిగి చూస్తానేమో.

తమ గోడు మొత్తం విని ప్లీడరు గారు తమ కోసమే కొత్తగా కాగితం రాస్తారని జనం అనుకుంటారు. అదేం లేదు. పాత ఫైలు తెరుస్తాం, పేర్లు మారుస్తాం, వయసులు మారుస్తాం, తేదీలు మారుస్తాం, ప్రింటు కొడతాం. గెలిచిన ఫైలైతే మరీ మంచిది. మూడేళ్ళ కిందట ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడకి వేసిన పిటిషను అలాంటిది. భర్త ఎదురు చెప్పనేలేదు, మొదటి వాయిదాకే పిల్లలు ఆవిడకి వచ్చేశారు. దానికి నేను చెయ్యి మంచి ఫైలు అని పేరు పెట్టుకున్నాను. అప్పట్నుంచీ పిల్లల కేసు ఏదొచ్చినా నా చెయ్యి దాని మీదికే పోయేది.

ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. మోచేతి మడతల్లో పిండి, కనుబొమల మీద పిండి, మనిషి పక్క నుంచి వెళ్తే వేడి రొట్టె వాసన. ప్లీడరు గారు కోర్టు నుంచి ఇంకా రాలేదు, కూర్చోమన్నాను. కూర్చున్న రెండు నిమిషాలకే బీరువాకి తల ఆనించి నిద్రపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇదేమన్నా రైల్వే స్టేషనా అని గట్టిగా అడిగాను. ఉలిక్కిపడి లేచి, తప్పయిపోయిందమ్మా, మూడున్నరకి లేచాను అంది. బేకరీలో పిండి కలిపే పనట. నాలుగున్నరకల్లా అక్కడుండాలి, ఒంటిగంటకి వదులుతారు. ఆరేళ్ళుగా అదే పని. అలాంటి మనిషి మీద అరిచినందుకు కాస్త సిగ్గేసింది గానీ పైకి కనబడనివ్వలేదు. మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను.

ప్లీడరు గారు వచ్చాక తన సంగతి చెప్పింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కొట్టడు, తాగడు, ఇంకో మనిషి లేదు. అతను పని ముగించుకుని వచ్చేసరికి ఈమె నిద్రలో ఉండేది, ఈమె వెళ్ళేసరికి అతను నిద్రలో ఉండేవాడు. సెలవు రోజున ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదట. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, ఇంక చాలనుకున్నారు. ఏడాదిగా అతను తల్లి దగ్గర ఉంటున్నాడు. విడిపోవడానికి ఇద్దరికీ ఇష్టమే. తగువంతా ఆరేళ్ళ కూతురి గురించి. ఆ పిల్లని ఇంట్లో పిడుగు అని పిలుస్తారు.

పిడుగు తల్లి దగ్గరే ఉంది. తెల్లారగట్ల తల్లి పనికి వెళ్ళిపోతే, పక్క వాటాలో ఉన్న పెద్దమ్మ, అంటే ఈ అమ్మాయి సొంత అక్క, వచ్చి నిద్రలేపి బడికి పంపుతుంది. అది మొగుడికి నచ్చడం లేదు. తన తల్లి రోజంతా ఇంట్లోనే ఉంటుంది, పిల్లని ఆవిడ చూసుకుంటుంది, నాకిచ్చెయ్ అంటున్నాడు.

"ఆయన చెడ్డవాడు కాదమ్మా. కానీ పిడుగు లేకుండా నేనుండలేను," అంది. ఏడవలేదు. తన చేతుల వంక చూసుకుంటూ చెప్పింది. ఆ చేతులు మగవాడి చేతుల్లా బలంగా ఉన్నాయి. నాకు ఆ అమ్మాయి నచ్చింది. నచ్చినవాళ్ళని నేను ఇంకొంచెం ఎక్కువ కసురుతాను, అది నా జబ్బు.

ప్లీడరు గారు ఓపికగా అన్నీ చెప్పారు. ఎవరు మంచివాళ్ళు, ఎవరు చెడ్డవాళ్ళు అని జడ్జి గారు తూకం వెయ్యరు, బిడ్డకి ఎక్కడ బాగుంటుందో అది ఒక్కటే చూస్తారు అన్నారు. బడి కాగితాలు, టీకాల కార్డు, అక్క చేత ఒక వాంగ్మూలం తెమ్మన్నారు. ఆమె అన్నిటికీ తలూపింది. వెళ్ళాక ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఆ పాత ఫైలు తీసి మార్చెయ్యమ్మా అన్నారు. ఆయన ఆ మాట అనకముందే నేను తెరిచాను.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎవరు సంతకం పెడుతున్నారో వాళ్ళకి కాగితమంతా నేను పైకి చదివి వినిపించాలి. చదవడమంటే, నిజం చెప్పొద్దూ, రైలు వెళ్ళినట్టు చదువుతాను. ఆ అమ్మాయి సంతకానికి వచ్చిన సాయంత్రం అయిదూ నలభై అయిదు బస్సు తప్పితే మళ్ళీ గంట దాకా లేదు. పేర్లు, పెళ్ళి తేదీ, పిల్ల పుట్టిన తేదీ గబగబా చదువుకుంటూ పోయాను. తొమ్మిదో పేరా కూడా చదివాను. "పిటిషనరు ఏ ఉద్యోగమూ చేయుట లేదు. దినమంతయు గృహమునందే ఉండి బిడ్డ ఆలనాపాలనా స్వయముగా చూచుకొనుచున్నది." నా నోరు చదివింది, నా చెవి వినలేదు.

ఆ అమ్మాయి తలెత్తింది. "అమ్మా, అదీ..." అంది. మధ్యలో అడ్డం రాకు, చివర్లో అడుగు అన్నాను. చివర్లో ఆమె ఆ సంగతే అడగలేదు. ఇందులో రాసినట్టుంటే బిడ్డ నాకే వస్తుందా అని అడిగింది. నేను సంచీ భుజాన వేసుకుంటూ అన్నాను: "ఇందులో ఉన్నది ఉన్నట్టు ఉంటే వస్తుంది. లేకపోతే పోతుంది." అందరికీ అనే మాటే అది. అబద్ధాలు చెప్పొద్దని దానర్థం. ఆమె కాసేపు కాగితం వంక చూసి సంతకం పెట్టింది. నాకు బస్సు దొరికింది.

తర్వాత నెల రోజుల్లో మూడు సార్లు వచ్చింది, బడి కాగితాలు ఇవ్వడానికీ, అక్కని తీసుకురావడానికీ. పొద్దున పదింటికే వచ్చేది. ఒంటి మీద పిండి లేదు, మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది, కొంచెం చిక్కింది. నాలుగున్నరకి పనిలోకి వెళ్ళే మనిషి పదింటికి ఇక్కడెలా ఉందని నాకు తట్టలేదు. అందరి తప్పులూ పట్టే నాకు అది తట్టలేదు.

వాయిదాకి వారం ముందు అవతలి ప్లీడరు మా పిటిషనుకి జవాబుగా కౌంటర్ ఇచ్చాడు. ఫైల్లో పెట్టబోతూ చదివాను. పిటిషనరు తొమ్మిదో పేరాలో ప్రమాణం చేసి పచ్చి అబద్ధం చెప్పింది, ఇలాంటి తల్లికి బిడ్డనివ్వడం తగదు అని రాసి ఉంది. వెనక బేకరీ యజమాని ఇచ్చిన ఉత్తరం జతచేశారు. ఈమె మా దగ్గర ఆరేళ్ళు పనిచేసింది, ఫలానా తేదీన మానేసింది, పనిమంతురాలు అని ఉంది అందులో. ఆ తేదీ చూశాను. మా ఆఫీసులో సంతకం పెట్టిన మర్నాడు. అబద్ధం చెప్పి, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఉద్యోగం మానేసిందనీ, ఇప్పుడు బిడ్డని పోషించే దారి కూడా లేదనీ అవతలివాళ్ళ వాదన.

మా కాపీ తీశాను. చెయ్యి మంచి ఫైలు తీసి పక్కన పెట్టాను. తొమ్మిదో పేరా రెంటిలోనూ ఒకటే. అక్షరం తేడా లేదు. పదో పేరాలో పిల్లలు ఇద్దరని ఉంటే ఒకరని మార్చాను, ఎనిమిదో పేరాలో అద్దె ఇంటి చిరునామా మార్చాను. మధ్యలో తొమ్మిదో పేరాని చూడకుండా దాటేశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు పోలేదని సందు సందంతా చెప్పుకు తిరిగిన దాన్ని నేను.

ప్లీడరు గారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. చివరికి, ఆ అమ్మాయి మనకి సమాచారం సరిగ్గా ఇవ్వలేదని చెబుదాం, చదువు తక్కువ, తెలియక సంతకం పెట్టింది, జడ్జి గారు దయ చూపిస్తారు అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆఫీసు పేరు పోతుందని భయం, నా ఉద్యోగం గురించి కూడా భయమే. కానీ నాకు తిక్క రేగింది. తప్పు మనం చేసి ఆ అమ్మాయి నెత్తిన రుద్దుతామా అని అడిగాను. ముందు ఆ అమ్మాయిని పిలిచి అడుగు అన్నారు.

మర్నాడు పొద్దున వచ్చింది. బెంచీ మీద కూర్చోకముందే అందుకున్నాను. నా తప్పుకి నాకు కోపం రావాలి, వచ్చింది ఆమె మీద. మనుషులం కదా.

"తొమ్మిదో పేరా చదివినప్పుడు నువ్వు వినలేదా?"

"విన్నానమ్మా. అందుకేగా పని మానేశాను."

ఆమె నా మొహం చూసి కంగారుపడింది.

"మీరే అన్నారు కదమ్మా, ఇందులో ఉన్నది ఉన్నట్టు ఉంటేనే బిడ్డ నాకొస్తుందని. పనికి వెళ్తానని మీకు ముందే చెప్పాను. అయినా అలా రాశారంటే, కోర్టుకి అలా ఉండాలేమో అనుకున్నాను. అబద్ధం మీద సంతకం పెట్టిందని ఎవరూ అనకూడదు కదా. మర్నాడే వెళ్ళి మానేస్తున్నానని చెప్పేశాను." "తప్పు చేశానా అమ్మా?" అంది.

అక్కే ఇల్లు గడుపుతోందట నెల రోజులుగా. ఆరేళ్ళలో మొదటిసారి పిడుగుకి తన చేత్తో జడలు వేసిందట. రెండూ ఒకే ఎత్తున రావడానికి వారం పట్టిందని చెప్పి నవ్వింది. పిల్లకి సంతోషమేగా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. సంతోషమే గానీ, మొదటి రోజే మెళ్ళో మొహం పెట్టి, అమ్మా నీ వాసన ఎటు పోయింది అని అడిగిందట. అది చెప్పాక ఆమె నవ్వలేదు. తన చేతులు చూసుకుంది. పిండి కలపడమంటే నాకు ప్రాణమమ్మా, వేళ్ళకి తెలిసిపోతుంది ఎప్పుడు ఆపాలో, అంది.

నేను గుడ్ల నీళ్ళు కుక్కుకుని, అది నువ్వు చేసిన తప్పు కాదే పిచ్చి మొద్దూ, నేను చేసింది అని చెప్పాను. అది వేరేవాళ్ళ పేరా అనీ, మార్చడం మర్చిపోయాననీ, నువ్వు అడగబోతే నేనే నోరు మూయించాననీ మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అయితే ఉద్యోగం చేస్తే పిల్లని ఇవ్వరని రూలేం లేదా అని అడిగింది. లేదన్నాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి లేదన్నాను. పైటతో మొహం కప్పుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నేనే బేకరీకి వెళ్ళాను. యజమాని పెద్ద పొట్టా చిన్న గొంతూ ఉన్న మనిషి. పొయ్యిల వేడికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఆ అమ్మాయి పేరెత్తగానే మొహం వాడిపోయింది. ఆమె వెళ్ళాక ఇద్దర్ని పెట్టాడట, ఇద్దరూ కలిసి కూడా ఆమె కలిపినట్టు కలపలేకపోతున్నారట. మరి పిలిచి మళ్ళీ పనిలో పెట్టుకోవచ్చుగా అన్నాను. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"కోర్టువాళ్ళు మానేయమన్నారని చెప్పి వెళ్ళిందమ్మా. కోర్టు మానేయమన్నాక నేనెలా పెట్టుకుంటాను? రేపు నా పీకకి చుట్టుకోదూ?"

ఏ కోర్టూ మానేయమనలేదు, మానేయమంది నా కంప్యూటరు అని చెప్పాను. నమ్మలేదు. నోటిమాట చాలదు, కాగితం మీద రాసి ముద్ర వేసి ఇస్తే సోమవారం నుంచి రమ్మంటాను అన్నాడు. ఒళ్ళు మండిపోయింది గానీ, ఏమనను? కాగితం మీదున్నదానికి భయపడటం ఆ అమ్మాయికి నేర్పింది నేను. అతనికి ఇంకెవరు నేర్పారో. ఆఫీసుకొచ్చి రెండు లైన్ల ఉత్తరం కొట్టి, ప్లీడరు గారి చేత సంతకం పెట్టించి, ఉన్న ముద్రలన్నీ వేసి పంపాను.

తర్వాత నా అఫిడవిట్ నేనే టైపు చేసుకోవడానికి కూర్చున్నాను. తప్పు నాది అని చెప్పుకునే అఫిడవిట్‌కి పాత ఫైలేదీ లేదు. తెల్ల తెర మీద కర్సరు గీత మిణుకు మిణుకుమంటూ ఉంటే, మొదటి వాక్యం రావడానికి గంట పట్టింది. ప్లీడరు గారు కాసేపు చూసి, దీని వల్ల నీకేమైనా అయితే నేను అడ్డం పడలేనమ్మా అన్నారు. తెలుసన్నాను. ఆయన లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చి ఒకటి నా బల్ల మీద పెట్టారు. తర్వాత తన పెన్ను తీసుకుని, ఆఫీసు తరఫున కూడా ఒక పేరా చేర్చు, బాధ్యత నాది కూడా అని రాయి, అన్నారు.

సరిదిద్దిన పిటిషను ఆ అమ్మాయికి చదివి వినిపించాను. ఒక్కో వాక్యం చదివి ఆగాను. బస్సు వెళ్ళిపోయింది, పోనిమ్మన్నాను. ఆగితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ప్రతి రెండు వాక్యాలకీ ఆమెకి చెప్పవలసింది ఉంది. పిడుగు ఏడింటికి లేస్తుందని రాశారు, ఆరున్నరకే లేస్తుంది అంది. సాయంత్రం చదివిస్తానని రాశారు, చదివించను, నాకు రాదు, పక్కన కూర్చుంటాను అంతే అంది. పోయినేడాది పిల్లకి జ్వరంగా ఉన్నా పనికి వెళ్ళాను, అది కూడా రాయండి అంది. అది రాస్తే నీకే నష్టం అన్నాను.

"నిజమేగా అమ్మా. రాయకపోతే మళ్ళీ ఎవరో తెచ్చి చూపిస్తారు."

రాశాను.

వాయిదా రోజున కోర్టు హాలు కిటకిటలాడింది. జడ్జి గారు నెరిసిన జుట్టున్న ఆవిడ, మాట తక్కువ. లిఫ్టు మెకానిక్కు గోడ పక్కన నిలబడ్డాడు, ఉతికిన చొక్కా, గోళ్ళలో నూనె మరక. నన్ను బోనులోకి పిలిచారు. ఎందరినో పంపిన ఆ బోనులో ఈసారి నేనే నిలబడ్డాను. పాత ఫైలు ఎవరిదో చెప్పకుండా, ఆ పేరా ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పాను. చదివినప్పుడు ఆమె అడగబోయిందనీ, నేనే ఆపాననీ కూడా చెప్పాను.

అవతలి ప్లీడరు లేచాడు. కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు.

"ఇరవై రెండేళ్ళలో ఇలాంటి పేరాలు ఇంకెన్ని ఉంటాయమ్మా?"

నాకు నోటి నిండా జవాబులుంటాయి ఎప్పుడూ. ఆ రోజు ఒక్కటే ఉంది.

"తెలియదు," అన్నాను.

జడ్జి గారు కలం ఆపి నా వంక చూశారు. చూసి మళ్ళీ రాసుకున్నారు. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగారు. నాతో చెప్పినట్టే చెప్పింది. పిల్ల కోసం అలా ఉండాలేమో అనుకున్నానని, ఇప్పుడు మళ్ళీ చేరానని, తెల్లారగట్ల నుంచి బడికి వెళ్ళేదాకా పిల్ల తన దగ్గర ఉండదని, అక్క ఉంటుందని. జ్వరం సంగతి కూడా ఎవరూ అడక్కుండానే చెప్పింది. నేను మెకానిక్కు మొహమే చూస్తున్నాను. ఆమె పని మానేసిందని ఉత్తరంలో చదివి ఉంటాడు గానీ, ఎందుకు మానేసిందో అతనికి అప్పుడే తెలిసింది. తల దించుకున్నాడు. నువ్వేమైనా చెబుతావా అని జడ్జి గారు అడిగారు. అతను గోడ పక్క నుంచి ముందుకొచ్చాడు.

"ఆ పని మానేసిందంటే... అది మానడం తన వల్ల అయ్యే పని కాదండీ. నాకు తెలుసు," అన్నాడు. తర్వాత తన ప్లీడరు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా, నా డ్యూటీ తొమ్మిదింటికండీ, పొద్దున ఆరున్నరకి నేనొచ్చి లేపి బడిలో దింపుతాను, సాయంత్రాలు వాళ్ళమ్మ దగ్గరుండనీండి అన్నాడు. పిల్ల నిద్రలేచేటప్పటికి అమ్మో నాన్నో ఒకరుండాలి, నేనడిగింది అంతే అన్నాడు.

జడ్జి గారు అదే రాశారు. పిడుగు తల్లి దగ్గర ఉంటుంది, బడి ఉన్న రోజుల్లో పొద్దున తండ్రి వచ్చి బడికి దింపుతాడు, వారాంతం ఒక రాత్రి తండ్రి ఇంట్లో, నాయనమ్మ దగ్గర. విడాకులు ఇద్దరి అంగీకారంతో. బయట వరండాలో ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుంది. మళ్ళీ రొట్టె వాసన. నేను కసురుకున్నాను, చేతులు వదులు, నలుగురూ చూస్తున్నారని. వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను హాయిగా ఉండేదాన్ని. కానీ ఆ కుర్ర ప్లీడరు ప్రశ్న ముల్లులా ఉండిపోయింది. ఎన్ని? ప్లీడరు గారి అనుమతి తీసుకుని పాత ఫైళ్ళు తీసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆ పేరాలు చదివి వినిపించి, ఇది మీదేనా అని అడగాలనుకున్నాను. ముందు చెయ్యి మంచి ఫైలే తీశాను. ఆ పేరా అసలు సొంతదారు ఆవిడే కదా, కనీసం ఒక చోటైనా నిజమై ఉంటుంది, మొదటి ఫోన్ సులువుగా అయిపోతుందని అనుకున్నాను.

ఆవిడ నా గొంతు గుర్తుపట్టి సంతోషించింది. పిల్లలు బాగున్నారట, పెద్దది తొమ్మిదో తరగతట. తొమ్మిదో పేరా నెమ్మదిగా చదివాను. 

"అప్పుడు నాది కాదమ్మా అది. నేను దర్జీ షాపులో కుట్టేదాన్ని కదా. మీరు చదివాక మానేశాను. ఇప్పుడైతే నాదే."

అంటే నేను ఆ పేరా ఆవిడ కంటే ముందున్న ఇంకో ఫైల్లోంచి తెచ్చానన్నమాట. ఆ ముందున్నావిడ ఎవరో, ఆవిడేం మానేసిందో నాకు గుర్తు లేదు. ఫోన్ పట్టుకుని ఆ చెక్క బెంచీ మీద కూలబడ్డాను. మూడేళ్ళుగా ఎలా గడుస్తోందమ్మా అని అడిగాను. తమ్ముడు చూస్తున్నాడు, మరదలు మంచిది కాబట్టి సరిపోయింది అంది. మిషను అమ్మేశానంది. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని మొదట్లో గుమ్మం దాటాలన్నా భయపడేదాన్నంది. తర్వాత గొంతు తగ్గించి, చాలా రోజులుగా ఎవర్నో అడగాలనుకుంటున్న మాట అడిగింది.

"పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు కదమ్మా. ఇప్పుడు పనికి వెళ్ళొచ్చా?"

నాకు కోపం రాలేదు. నా మీద కూడా రాలేదు. వెళ్ళమ్మా, రేపే వెళ్ళు, ఎవరూ ఏమీ అనరు, అప్పుడూ అనేవాళ్ళు కాదు, తప్పంతా నాది అని చెప్పాను. ఆవిడ విన్నది. నమ్మాలనే ఉన్నట్టుంది. అయినా ఆగి అడిగింది.

"కాగితం మీద రాసిస్తారా?"

రాసిస్తానన్నాను. ఏ పాత ఫైలూ తెరవకుండా రాశాను. మర్నాడు ఆవిడ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని మెట్లెక్కి వస్తే, బెంచీ మీద పక్కన కూర్చుని, ఉన్న ఒక్క వాక్యాన్నీ నెమ్మదిగా చదివాను. మధ్యలో ఏదైనా అడగాలంటే అడగమన్నాను. ఇంకోసారి చదవమంది. చదివాను.